రొట్టె ముద్రా, నా ముఖమూ

అల్లా పేరిట. రష్త్ లోయలోని చష్మాసోర్ గ్రామ వాస్తవ్యురాలు, గతించిన హకీమ్ గారి పెద్ద కూతురు సఫర్‌గుల్ అనే నేను, వయస్సు యాభై ఏడు, మధ్యాహ్నపు నమాజు ముగించుకుని, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా కాలేయం గురించి డాక్టరు చెప్పినది విన్నాను. తొందర లేదు. ఆలస్యమూ చేయదలచుకోలేదు. దీనిని అమలు చేసే బాధ్యత చెల్లెలు మునవ్వర్‌ది.

1. నాన్న కట్టిన ఇల్లు, పెరడు, ఆప్రికాట్ చెట్లు నా పేరున ఉన్నాయి. నా తదనంతరం ఇవి తమ్ముడు రజబాలికి చెందుతాయి. షరతు ఒక్కటే. తందూరు పక్క గదిలో గుల్సిఫత్ తన జీవితకాలమంతా ఉంటుంది. ఆమెను పొమ్మన్ననాడు ఇల్లు మొత్తం ఆమెకు దఖలు పడుతుంది. "ఇదేమన్నా సత్రమా అక్కా, దారిన పోయేవాళ్ళందరినీ పెట్టుకోడానికి?" అని నువ్వు అడిగావు, రజబాలీ. ఆమెను దారిన పడేసింది నేనే. అందుకని గది ఇస్తున్నాను. దానమనుకోకు.

2. కారణం రాయకపోతే నా తరువాత తలా ఒకటి కల్పిస్తారు, కనుక రాస్తున్నాను. మునవ్వర్ రాజధాని దుషాంబేలో డాక్యుమెంటరీలు తీస్తుంది. పాతికేళ్ళ కిందటి అంతర్యుద్ధంలో ఆడవాళ్ళు పడ్డది వాళ్ళ నోటనే చెప్పిద్దామని ఊరికి వచ్చినప్పుడు ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఇక్కడ ఆడవాళ్ళచేత నమాజు చేయించేది నేను. నేను అడిగాక వచ్చారు. ముఖాలు కనిపించవు, చేతులే కనిపిస్తాయి అని మాటిచ్చాను. రొట్టె చేస్తూ చెబితే గొంతు వణకదు అని సలహా ఇచ్చిందీ నేనే.

గుల్సిఫత్ భర్త ఆ యుద్ధంలో పోయాడు. ఆమె పిండి పిసుకుతూ చెప్పింది. తుపాకులవాళ్ళు గుమ్మంలోకి వచ్చినప్పుడు మామగారే ఆమె మోచేయి పట్టుకుని బయటికి నెట్టాడట. "ఇంటిని నువ్వే కాపాడాలి కోడలా" అన్నాడట. అంతా చెప్పి, ఎప్పటిలాగే రొట్టె మీద ముద్ర వేసింది.

కోడి ఈకల కాడలు గుత్తిగా కట్టి చేసిన ఆ ముద్రను ఈ లోయలో ప్రతి అత్తా తన కోడలి చేతిలో పెడుతుంది. ఏ రెండిళ్ళ ముద్రా ఒకలా ఉండదు. పెళ్ళి పళ్ళెంలో రొట్టె చూసి అది ఎవరింటిదో చెప్పగలదాన్ని నేను. పట్నంలో పెరిగిన మునవ్వర్‌కు అది తెలియదు. నాకు తెలుసు. అయినా, ముఖం దాచినా ముద్ర పట్టిస్తుందని తట్టలేదు.

సినిమా ఫోన్లలో ఊరు చేరింది. గుల్సిఫత్ మరిది నజ్రుల్లో ఫోన్ పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. "బీబీ, ఇది ఎవరింటి రొట్టె? నమాజు చేసే నోరు, అబద్ధమాడదుగా!" అన్నాడు. ఊరుకోవచ్చు, ఊరుకోలేదు. "మీదే" అన్నాను. అబద్ధమాడలేదని ఆ సాయంత్రం మనసులో కాస్త గర్వపడ్డాను కూడా. అప్పటికే వాళ్ళు ఆమెను బయటికి పంపేశారు. ముద్ర లాక్కుని మరీ పంపారు.

3. రజబాలి భార్య, మరదలు సవ్రికి నా కుట్టుమిషను, పెట్టెలోని బొంతలన్నీ. "మా ఇంట్లో అత్తగారు పోయినా అత్తరికం పోలేదు" అని నువ్వు పొరుగింట్లో అన్నది నాకు వినపడింది సవ్రీ. నవ్వుకున్నాను. మిషను చక్రం గట్టిగా తిరుగుతుంది, నూనె వెయ్యి.

4. అమ్మ నాకిచ్చిన మా ఇంటి రొట్టె ముద్ర గుల్సిఫత్‌కు చెందాలి. ఆనవాయితీ ప్రకారం అది సవ్రిది. సవ్రికి కోపం వస్తుంది. రావాలి కూడా. సవ్రీ, నీకు అత్తవారిల్లు ఉంది. ఆమెకు లేదు.

5. నా జపమాల మునవ్వర్‌కు. సినిమాలో గుల్సిఫత్ చెప్పిన భాగం మీద సర్వహక్కులూ గుల్సిఫత్‌వి. తీసేయించనా అని ఆమెను అడిగాను. "తీసేస్తే నేను అబద్ధం చెప్పాననుకోరూ? ఉండనీ బీబీ. కాకపోతే అక్కడ ఒక్కదాన్నే పట్టుబడ్డాను, అంతే" అంది.

6. ఆ మాట విన్నాక మునవ్వర్‌ను పిలిపించాను. మన తందూరు ముందు, కెమెరాకు ఎదురుగా, తలగుడ్డ ముఖం మీదికి లాక్కోకుండా కూర్చున్నాను. అందరినీ చెప్పమని బతిమాలి నేను దాచుకున్నది చెప్పాను. యుద్ధం నాటి ఆ చలికాలం తుపాకులవాళ్ళు మన గుమ్మంలోకీ వచ్చారు. రజబాలీ, నువ్వప్పుడు పొట్టు గాదెలో దాక్కుని ఉన్నావు. అక్క నమాజు కోసమే పెళ్ళి మానుకుందని నువ్వు అందరికీ చెప్పుకున్నావు. నేను చెప్పుకోనిచ్చాను. బతికుండగా ఆ సినిమా నీకు చూపే ధైర్యం నాకు లేదు, క్షమించు.

నేను పోయిన నలభయ్యో రోజున ఆడవాళ్ళూ మగవాళ్ళూ భోజనానికి కూడినప్పుడు అది మన ఇంట్లోనే వేయాలి. ముందు నాది, గుల్సిఫత్ ఒప్పుకుంటే తరువాత ఆమెది. రజబాలి కూర్చుని చూడాలి, మధ్యలో లేవకూడదు. నజ్రుల్లోను పిలవాలి. ఆ రోజు రొట్టెలు గుల్సిఫత్ చేస్తుంది, అమ్మ ముద్రతో. అవి ఎవరింటి రొట్టెలని అతను మళ్ళీ అడిగితే, మావి అని ఆమే చెబుతుంది.

చష్మాసోర్, 2019 నవంబరు 14.

సఫర్‌గుల్ (వ్రాలు)

సాక్షులు:
1. దావ్లత్, ఊరి మందుల కొట్టు.
2. ఉగుల్‌మో, పొరుగిల్లు. సినిమాలో మొదట కనిపించే చేతులు ఈమెవి. అలా రాయమని ఆమే అడిగింది.