చెరో జెండా, ఒకే గోడ

మావకు నీలవేణి దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మన అమ్మాయి శ్రావణీ, అత్తా కులాసాగా ఉన్నాం. గుజరాత్ వేరావల్‌లో నీకు జ్వరం తగ్గిందని విన్నాకే అత్త రెండు పూటలా తింటోంది. మళ్లీ బోటు పనికి వస్తున్న త్రినాథ్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోనులో అయితే పక్కన నలుగురూ వింటారు.

శ్రావణి చదువు అడిగావు. విజయనగరం కాలేజీలో చేరింది, బస్సులో వెళ్లి వస్తోంది. ఊరు మారిందా అని అడిగావు. భోగాపురం విమానాశ్రయం రోడ్డు అద్దంలా మెరుస్తోంది. మన వీధి కుళాయికి మాత్రం నీళ్లు రోజు విడిచి రోజే.

నీ తమ్ముడు లక్ష్ముడింటి మాట ఎందుకు ఎత్తవన్నావు. వార్డు ఎన్నికల్లో నేనూ, లక్ష్ముడి పెళ్లాం భారతీ చెరో పార్టీ తరఫున నిలబడ్డామనీ, నేను ఓడిపోయాననీ నీకు తెలుసు. అప్పటినుంచి రెండిళ్లకీ మాటల్లేవు. పోయిన నెల మండలాఫీసు వాళ్లు వచ్చి, లక్ష్ముడి ఇల్లు ప్రభుత్వ స్థలంలో ఉందని అర్జీ వచ్చిందంటూ కొలిచి, గోడ మీద ఎర్రరంగు గీత గీశారు. లక్ష్ముడు చేపల వేట మానేసి అరుగు మీదే కూర్చున్నాడు.

ఆ వారమే విజయనగరంలో పెళ్లి. మన పార్టీ పెద్దాయన కూతురికీ, వాళ్ల పార్టీ పెద్దాయన కొడుక్కీ. మమ్మల్నీ పిలిచారు. మైకుల్లో అంతలేసి తిట్లు తిట్టుకున్న ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటూ తింటున్నారు. మన ఊళ్లో మన పార్టీ పనులు చూసే దేవేంద్ర, వాళ్ల పెద్దాయనకు దగ్గరుండి నెయ్యి వేస్తున్నాడు. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.

ఎందుకంటే మావా, ఆ అర్జీ మీద సంతకం నాది. ఓడిన కోపంలో ఉంటే దేవేంద్ర రాసి తెచ్చాడు, పెట్టేశాను. ఇన్నాళ్లూ నీకు చెప్పలేకపోయాను.

మర్నాడే మండలాఫీసుకు వెళ్లాను. "బాబూ, ఆల్దీ మాదీ ఒకే గోడ. పడగొడితే రెండిల్లూ పడగొట్టండి, లేదంటే నా సంతకం కొట్టీయండి" అన్నాను. తహసీల్దారు పాత రికార్డులు తీయించారు. రెండిళ్లూ పాత ఊరి హద్దులోనే ఉన్నాయని, అది ప్రభుత్వ స్థలం కాదని తేలింది. మూడు రోజులకు, ఇల్లు కూల్చేది లేదని కాగితం ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆ కాగితం భారతికిచ్చి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె చేపలు ఆరబెడుతోంది. తలెత్తలేదు.

"తెలుసక్కా. కొలతకొచ్చినోలు అర్జీ సూపించారు. నీకు అచ్చరాలు నేర్పింది నేను గదా, నీ సంతకం నాకు తెల్దేటి?"

"మరి లక్ష్ముడికి సెప్పలేదేటే?"

"సెప్తే మీ ఇంటి మీదకొచ్చేస్తాడు. అప్పుడు అత్త ఎవులింటికి ఎల్తాది?"

జరిగి, పక్కన చోటిచ్చింది. ఇద్దరం గంపలన్నీ అయ్యేదాకా ఆరబెట్టాం. లక్ష్ముడికి నేనే చెప్పాను. తెల్లారి వేటకెళ్లి, వచ్చేటప్పుడు మన వాకిట్లో ఒక చందువా చేప పెట్టి పోయాడు. వాళ్ల డాబా మీద వాళ్ల జెండా, మన డాబా మీద మనది అలాగే ఉన్నాయి. అత్త ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ఎవరి ముఖమూ చూసి అడుగు వెయ్యక్కర్లేదు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు. ముందు తమ్ముడికి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
తప్పు చెప్పుకుని తేలికపడిన నీ ఇల్లాలు,
నీలవేణి