రాజలింగం అన్న విన్న కూత

శనివారం రాత్రి, ఫిబ్రవరి 2006
టేకులపల్లి

పిల్లలకు అడవిని చూపించే వాలంటీర్లుగా మాకు ఇక్కడ శిక్షణ మొదలైనప్పటి నుంచి, రాజలింగం అన్న అంత ఇష్టంగా నేర్చుకున్నవాళ్లు లేరు. అలాంటి మనిషి నిన్న అన్నం తింటూ దిగులుపడ్డాడు.

"బొగ్గుబాయిల మిషిన్ల మోతకు నా చెవులు పోయినయ్ చెల్లె. పిట్ట కూత వినబడనోడు పిల్లలకేం చూపెడ్తడు? పొద్దుగాల బస్సెక్కి పోత."

ఈ పొద్దున లేచేసరికి వెళ్లిపోయి ఉంటాడనుకున్నాను. చూస్తే, ఊరి పిల్లల ముందు నిలబడి మాట్లాడుతున్నాడు.

"పిల్లలూ, సన్నగ కూసే పిట్టలు నాకు వినబడవ్. మీరు విని, ఏ దిక్కో చెయ్యి చూపెట్టుర్రి. ఏం పిట్టనో నేను చెప్త."

అంతదాకా అరుస్తున్న పిల్లలు గప్‌చుప్ అయిపోయారు. ఎండుటాకుల మీద అడుగులు కూడా మెల్లగా వేశారు. కాసేపటికి ఒక పాప పూసిన మోదుగ చెట్టు వైపు చెయ్యెత్తింది. అన్న బైనాక్యులర్‌తో వెతికి, "తేనెపిట్ట!" అంటూ ఆ బైనాక్యులర్‌ను పాప చేతికిచ్చాడు.

"ఎట్ల కూసింది బిడ్డా?"

పాప అతని చెవి దగ్గరికి వచ్చి గట్టిగా కూసి చూపించింది.

"గట్లనా! చూస్తనే ఉన్న గానీ, దీని కూతనే మర్శిపోయిన," అని నవ్వి, ఇంకోసారి కూయమన్నాడు. ఈసారి పిల్లలందరూ కూశారు.

ఎంత గొప్ప మనిషి!

రేపు నా వంతు. పిట్టల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ ఇవాళ అన్న వెంట నడిచినట్టు నా వెంట ఆ పిల్లలు నడుస్తారా అని...