అత్తమ్మ ముందు అడిగిన ప్రశ్న

బుధవారం, రాత్రి

రేపు పొద్దున ఆయనకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్. నా భయం కోత గురించి కాదు, మత్తు గురించి.

సాయంత్రం మత్తు డాక్టరమ్మ గదిలో ముగ్గురం కూర్చున్నాం. అన్నీ అడిగాక ఆమె, "మందు అలవాటుందా అండీ? దాచకండి. మత్తు ఎంత ఇవ్వాలో, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో దాన్నిబట్టే చూసుకుంటాం" అంది. పక్కనే అత్తమ్మ. "లేదు మేడం" అన్నాడు ఈయన, బడిపిల్లాడిలా. మాదాపూర్‌లో ఆఫీసు వదలగానే రోజూ తాగి, సోంపు నములుతూ ఇల్లు చేరే మనిషి! నేనూ నోరు మెదపలేదు.

బయటికొచ్చాక నిలదీస్తే, "అమ్మ ముందర ఎట్ల చెప్పాలె? ఏం కాదు, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఏం కాదని ఈయనకెవరు చెప్పారు? మధ్యలో మెలకువ వస్తే? ఊపిరి అందకపోతే...

ఇందాక వంటింట్లో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వాడు తాగుతడని నాకెరుకే బిడ్డా. పొద్దుగాల డాక్టరమ్మకు నువ్వే చెప్పు. నాకు తెలుసని మాత్రం వానికి చెప్పకు, పరేషాన్ అయితడు."

చెప్తాను. ఆయన ఏమనుకున్నా సరే, చెప్పే తీరతాను. కానీ ఎంత తాగుతాడని ఆమె అడగకుండా ఉండదు కదా. నాతో ఎప్పుడూ "రెండే పెగ్గులు" అంటాడు. ఇన్నేళ్ళూ నమ్మినట్టు నటిస్తూ వచ్చాను, అసలు లెక్క నాకూ తెలీదు. రేపు ఆ మాట మీదే ఆయనను నిద్రపుచ్చుతారు.