సిస్టరమ్మ బండి ఏ దారిన పోవాలి?

బోధన్,
క్రిస్మస్ దాటిన సోమవారం

నిజామాబాద్ రోడ్డు భద్రతా విభాగం అధికారి ఆత్మారాం గారికి,

బోధన్ నుంచి సువర్ణ రాయునది. ప్రభువు కృపవల్ల ఇక్కడ నేనూ నా బండీ క్షేమం. అక్కడ మీరూ మీ రోడ్లూ క్షేమమని తలుస్తాను.

నేను సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషిని. ఊరంతా సిస్టరమ్మ అంటారు. నా మోకాళ్లు నాకన్నా ముందే రిటైరయ్యాయి. ఇంట్లో కర్ర పట్టుకుని తిరుగుతాను గానీ గడప దాటితే అడుగు పడదు. అందుకని నడవలేనివాళ్ల కోసం చేసే బ్యాటరీ బండి ఒకటి కొనుక్కున్నాను. నాలుగు చిన్న చక్రాలు, ఒక కుర్చీ, ముందు ఒక హ్యాండిల్. ఎంత తిప్పినా పెళ్లి ఊరేగింపు కన్నా కాస్త వేగంగా పోతుంది, అంతే.

ఈ బండి మీద రోజూ పొద్దున్నే ఇదే ఊళ్లోని రాకాసిపేటకు పోయి నా స్నేహితురాలు ముత్తవ్వను చూసి వస్తాను. పోయిన వానాకాలం ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. రోజూ కసరత్తు చేయించకపోతే ఆ చెయ్యి కట్టెలా బిగుసుకుపోతుందని డాక్టర్ చెప్పాడు. ఆమె ఇంట్లోవాళ్లకు పసుపు చేను పనితోనే సరిపోతుంది. చేయించేది నేనే.

మొన్న మెయిన్ రోడ్డు దాటుతుంటే కానిస్టేబుల్ ఆపాడు. "సిస్టరమ్మా, నీ బండి మీద ఎవలో దర్కాస్తు పెట్టిండ్రు. గిది బండా, మనిషా? బండైతే నంబరేది? మనిషైతే నడిరోడ్డు మీద నీకేం పని? నిజామాబాద్ సారుకు రాయి, ఆయన ఎట్ల చెప్తే అట్ల చెయ్యి" అన్నాడు. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటోంది. అన్నీ నొక్కాను, ఎవరూ పలకలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఫుట్‌పాత్ మీద పోవాలా, రోడ్డు మీద పోవాలా? త్వరగా చెప్పండి. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు.

ఇట్లు
మీ జవాబు కోసం గేటు వైపు చూస్తూ,
సువర్ణ

తా.క.: బండి కొన్నరోజు మా పాస్టర్ గారు ప్రార్థన చేశారు, ముత్తవ్వ నిమ్మకాయలు కట్టించింది. రెండు వైపులా భద్రత అయిపోయింది. మీ వైపుదే మిగిలింది.


నిజామాబాద్,
6 జనవరి

శ్రీమతి సువర్ణ గారికి,

మీ లేఖ అందినది. మీ బండి వంటి వాటి గురించి మా కార్యాలయంలో ఎంత వెతికినా స్పష్టమైన నియమమేదీ కనబడలేదు. ఇంతవరకు ఎవరూ అడగకపోవడమే దీనికి కారణం కావచ్చును. కావున నా ఆలోచన మేరకు తెలియజేయునది ఏమనగా, మీ బండిని నడకకు బదులుగా వాడుచున్నారు గనుక మిమ్మల్ని పాదచారిగా భావించవలసి యున్నది. పాదచారులు ఫుట్‌పాత్ మీద వెళ్లవలెను. ఎదురుగా వచ్చువారికి దారి ఇవ్వవలెను. ఫుట్‌పాత్ మీద హారన్ కొట్టరాదు.

భవదీయుడు,
ఆత్మారాం

తా.క.: నిమ్మకాయలు చక్రాల కింద పడకుండా చూసుకోగలరు.


బోధన్,
బుధవారం

ఆత్మారాం సారుకు,

వందనాలు. మీరు చెప్పినట్టే చేశాను. ఏం జరిగిందో వినండి.

ఫుట్‌పాత్ ఎక్కాలంటే ముందు మెట్టుంది. నా మోకాళ్లు మెట్టెక్కగలిగితే నాకు బండి ఎందుకు సార్? మిర్చిబజ్జీల రాజలింగు, ఇంకో ఇద్దరు కలిసి బండితో సహా నన్ను పైకి ఎత్తి పెట్టారు. పల్లకి ఎక్కిన పెళ్లికూతురిలా పోయాను. కొంచెం ముందుకు పోగానే రాజలింగు బజ్జీల పొయ్యే అడ్డం. ఆయనే దాన్ని జరిపాడు. తర్వాత కుట్టు మిషను. టైలర్ లేచి మిషను ఎత్తుకుని నిలబడ్డాడు. తర్వాత కరెంటు స్తంభం. దాన్ని ఎవరూ ఎత్తలేదు. పక్కనుంచి ఎట్లాగో గీరుకుంటూ బయటపడితే, చివర్న బర్రె.

ఎదురుగా వచ్చేవాళ్లకు దారి ఇవ్వమన్నారు మీరు. బర్రె ఎదురుగా ఉంది, కానీ రావడం లేదు. నెమరు వేస్తూ నన్నే చూస్తోంది. హారన్ కొట్టొద్దన్నారు కాబట్టి నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి రాజలింగు మళ్లీ వచ్చి, "సిస్టరమ్మా, గా బర్రె లేవది. నిన్ను దించుడే అల్కగైతది" అని నన్ను కిందికి దించాడు. ముత్తవ్వ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం భోజనాలైపోయాయి.

సార్, నాకు వేరే దారి చెప్పండి. ఆమె చేతి వేళ్లు ఇప్పుడిప్పుడే కొంచెం మెత్తబడుతున్నాయి. ఒక్కరోజు తప్పినా నాకు మనసు కుదురుగా ఉండదు.

ఇట్లు
మీ పాదచారి,
సువర్ణ

తా.క.: ఫుట్‌పాత్ మీద ఆ రోజంతా నడిచినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. అందరూ రోడ్డు మీదే నడుస్తున్నారు. ఒక్క నేనే మీ మాట విన్నాను.


నిజామాబాద్,
12 జనవరి

శ్రీమతి సువర్ణ గారికి,

బర్రెలు మా విభాగం పరిధిలోకి రావు. అయినను మీ ఇబ్బంది అర్థమైనది. ఫుట్‌పాత్ అనుకూలంగా లేనిచోట రోడ్డుకు ఎడమవైపు చిట్టచివరి అంచున వెళ్లగలరు. వెనకనుండి వచ్చు వాహనాలకు దూరంనుండే కనబడునట్లు బండి వెనక ఒక ఎర్రగుడ్డ కట్టుకోవలెను. ఇంతకన్నా సులువైన నియమం ఉండదు.

భవదీయుడు,
ఆత్మారాం

తా.క.: నా స్వస్థలం ఇక్కడ కాదు, బదిలీ మీద ఈమధ్యే వచ్చాను. బోధన్ రోడ్లు ఇంకా చూడలేదు.


బోధన్,
సంత మరునాడు

ఆత్మారాం సారుకు,

మీరు బోధన్ చూడలేదని రాయకపోయినా నాకు తెలిసిపోయేది.

సార్, ఇది చెరుకు నరికే కాలం. పెద్ద చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇక్కడి చెరుకంతా ఊరి బయటి కాటా దగ్గర తూకం వేసి వేరేచోటికి పంపుతారు. చెరుకు ట్రాక్టర్లన్నీ వెనక ఎర్రగుడ్డ కట్టుకుని, రోడ్డుకు ఎడమవైపు చిట్టచివరి అంచున, కాటా కోసం లైను కడతాయి. ఆ లైనులోంచి ఎవరూ పక్కకు తప్పుకోకూడదు, తప్పుకుంటే వంతు పోతుంది, కొట్లాట అవుతుంది. ఇది మా దగ్గర అందరికీ తెలిసిన కట్టుబాటు. నేను ఎర్రగుడ్డ కట్టుకుని ఎడమ అంచున పోయాను. ఇక మీరే ఊహించుకోండి.

ముందొక ట్రాక్టరు, వెనకొక ట్రాక్టరు, నడుమ నేను. కుడివైపు బస్సులు. వెనక ట్రాక్టరు లింబయ్య పైనుంచి అరిచాడు: "సిస్టరమ్మా, లైన్ తప్పకు! ఎనకోళ్లు లొల్లి పెడ్తరు!" నేను చెరుకు కాదు నాయనా అంటే, "ఎర్రగుడ్డ కట్టినంక ఏందైనా ఒకటే" అన్నాడు. మంచివాడే. చెరుకు గడ విరిచి ఇచ్చాడు. పళ్లు లేవంటే రసం తెప్పించాడు.

కాటా మనిషి తల ఎత్తకుండానే నాకు టోకెన్ ఇచ్చాడు. నన్నూ బండినీ కలిపి తూచాడు కూడా. తల ఎత్తి చూశాక, "అవ్వా, నీ లోడేది?" అన్నాడు.

పొద్దుగూకే ముందు ముత్తవ్వ ఇంటికి చేరాను. నన్ను చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. "గింత తిప్పలెందుకే నీకు? రోజూ రాకున్నా నడుస్తది" అంది. నాకెంత శ్రమ అవుతోందో అని ఆమె బాధ. అంత మంచి మనసు సార్ ఆమెది. నాకు కళ్లు చెమర్చాయి. వెంటనే కసరత్తు రెండింతలు చేయించాను.

ఇదంతా నా మీద దర్కాస్తు పెట్టినవాడి పుణ్యం. వాడెవడో నాకు తెలిసిపోయింది. మా పక్కింటి తాపీమేస్త్రి భూమన్న. ఒకసారి ఆయన మోటార్ సైకిల్ పక్కన నా బండి పెట్టానని మొహం ముడుచుకున్నాడు. ఆయనతో మాటలు మానేశాను. వాకిట్లో నా పంపు నీళ్లు పట్టుకోనివ్వడం లేదు. అవునో కాదో మీరొక్క మాట రాయండి చాలు.

ఇట్లు
తూకం అయిన,
సువర్ణ

తా.క.: టోకెన్ జాగ్రత్తగా దాచాను. వచ్చే ఏడు కావాలంటే ముందు వరసలో ఉంటాను.


నిజామాబాద్,
21 జనవరి

సువర్ణమ్మ గారికి,

మీ ఉత్తరం చదివి మా కార్యాలయంలో రెండు రోజులుగా పని జరగలేదు. ఎర్రగుడ్డ సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే అర్జీదారు పేరు చెప్పడానికి వీల్లేదు. పేరు తెలియకుండా ఎవరితోనూ మాటలు మానేయకండి. భూమన్న గారిని నీళ్లు పట్టుకోనివ్వండి. నేనే స్వయంగా బోధన్ వచ్చి రోడ్డు చూసి తేలుస్తాను. అప్పటివరకు దయచేసి బండిని ఇంట్లోనే ఉంచండి. ట్రాక్టర్ల నడుమ మీకేమైనా అయితే ఆ సలహా ఇచ్చిన పాపం నాదవుతుంది.

ఇట్లు,
ఆత్మారాం

తా.క.: కాటావాళ్లు మాకు ఫోన్ చేశారు. మీ లోడుకు రైతు పేరు ఏమని రాయాలో అడుగుతున్నారు.


బోధన్,
ఏ వారమో మరిచిపోయాను

ఆత్మారాం సారుకు,

ఇంట్లోనే కూర్చున్నాను. కూర్చుని కూర్చుని డబ్బాలన్నీ దించి తుడిచాను, తుడిచినవాటిని మళ్లీ తుడిచాను. గోడ గడియారం సరిగ్గా నడవడం లేదని అనుమానం వచ్చి బ్యాటరీ మార్చాను. అది సరిగ్గానే నడుస్తోంది. నేనే నడవడం లేదు. భూమన్న వాకిట్లో నిలబడి, "సిస్టరమ్మా, నేనేం జేసిన? చెప్పరాదు" అని అడిగాడు. నీళ్లు పట్టుకోమన్నాను, అంతే. మీ మాట కోసం.

ముత్తవ్వకు వేళ్లు ముడిచి తెరవమని కబురు పంపాను. ఏ జవాబూ రాలేదు. ఆమె నన్ను మరిచిపోయినా సరే, చెయ్యి బిగుసుకుపోకూడదు. నాకు భయంగా ఉంది సార్. ఒకరి దగ్గరికి పోవాల్సిన అవసరం లేకపోతే నేనెందుకు పొద్దున్నే లేవాలి?

త్వరగా రండి.

సువర్ణ

తా.క.: గట్టిగా రాసి ఉంటే ఏమనుకోకండి. గట్టిగా రాయడం తప్ప ఇప్పుడు నేను గట్టిగా చేయగలిగింది ఏదీ లేదు.


నిజామాబాద్,
2 ఫిబ్రవరి

గౌరవనీయులైన సిస్టరమ్మకు,

నిన్న బోధన్ వచ్చాను. మీ ఇంటికి రాలేదని కోపగించుకోకండి. ముందు అర్జీదారును కలవడం పద్ధతి గనుక నేరుగా రాకాసిపేటకు వెళ్లాను.

అవును, రాకాసిపేటకే. పేరు చెప్పొచ్చని ఆమే అన్నది గనుక రాస్తున్నాను. మీ మీద అర్జీ పెట్టింది ముత్తవ్వ.

ఈ వాక్యం దగ్గర ఆగి ఒక గుక్క నీళ్లు తాగండి, తర్వాత చదవండి. ఎందుకు పెట్టావవ్వా అని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "పొద్దు పొడవకముందే వస్తది సారూ. చెయ్యి లేపు, వేలు ముడువు, ఇంకోసారి, ఇంకోసారి. చాయ్‌ల చక్కెర బందువెట్టింది. గదంత ఓర్సుకున్న. గని గా ట్రాక్టర్ల నడుమల రోడ్డు దాటి వస్తది సూడు, రోజూ తలుపు దిక్కు సూసుకుంట పండుకుంటి, ఎవడు గుద్దిండో ఏమో అని పాణం పోతుండె. వద్దంటె ఇంటదా? సర్కారు మాట ఇంటదని మనుమరాలు శిరీషతోని రాయించిన."

మరి ఇప్పుడు బండి ఆగిపోయింది కదా, సంతోషమేనా అన్నాను. ఆమె కోపంగా లేచి కూర్చుంది. "ఏం సంతోషం? ఇన్నొద్దులాయె, మనిషి పత్తాకే లేదు! ఇంకో దర్కాస్తు రాసుకో. సిస్టరమ్మ బండి ఎందుకు రానిస్తలేరు? గీ సర్కారు ఏం జేస్తున్నది?" అంటూ వాకిలి వైపు చెయ్యి చూపించింది.

ఏ చెయ్యో ఆమె గమనించలేదు. నేను, శిరీష గమనించాం. ఎడమ చెయ్యి. భుజం ఎత్తుకు లేచింది, వేలు నిటారుగా వాకిలిని చూపింది. శిరీష ఏడ్చింది. నేను నియమాల కాగితం వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

కనుక అమ్మా, మొదటి అర్జీ ప్రకారం మిమ్మల్ని ఆపాలి, రెండో అర్జీ ప్రకారం మీరెందుకు రాలేదో సంజాయిషీ అడగాలి. రెండూ ఒకరివే. నేను తేల్చింది ఇది: మీరు రోడ్డు దాటేచోట కానిస్టేబుల్ నిలబడి ట్రాక్టర్లు ఆపుతాడు. రాజలింగు బజ్జీల పొయ్యి దగ్గరి ఫుట్‌పాత్ మెట్టు కొట్టించి వాలుగా చేయిస్తాం. ఆ పనికి భూమన్న గారినే మాట్లాడాను, కాబట్టి ఆయనకు ముందు ఒక చాయ్ పోసి మాట్లాడండి. వెలుతురు వచ్చాకే బయలుదేరండి. ఇది అర్జీదారు గట్టిగా కోరిన షరతు.

ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే వెళ్లండి. ఆమె తలుపు వైపే చూస్తూ పడుకుని ఉంటుంది.

ఇట్లు
మీ విధేయుడు,
ఆత్మారాం

తా.క.: ముత్తవ్వ ఇంకో షరతు పెట్టింది. చాయ్‌లో ఒక చెంచా చక్కెర. ఇది మా విభాగం పరిధిలోకి రాదని చెప్పి చూశాను. అలాగైతే మొదటి దర్కాస్తు వెనక్కి తీసుకోనంది. చుట్టూ ఇంత చెరుకున్న ఊళ్లో ఒక్క చెంచా దగ్గర ఈ ఫైలు ఆగిపోవడం నాకిష్టం లేదు. అర చెంచాకైనా ఒప్పుకోండి తల్లీ.