సంతకానికి పంపిన కాగితం

మొయినాబాద్

ప్రియమైన అమ్మకు నీ బిడ్డ దీవెన వందనాలు. ప్రభువు దయవల్ల నేను క్షేమం. నువ్వూ, నతానియేలు అన్నా, వదినా బాగున్నారని తలుస్తాను. మోకాళ్లకు మందు రాస్తున్నావా, లేక సీసా అలాగే ఉందా?

"లెక్కలు జెప్పవు, తెలుగు జెప్పవు, మరి బడిల ఏం జేస్తవ్ బిడ్డా?" అని పోయిన ఉత్తరంలో రాయించావు. నేను కౌన్సెలర్‌నమ్మా. ఏ వయసుకు పిల్లలు ఎంత ఎదగాలో ప్రమాణాలు రాసిన పత్రం ఒకటుంటుంది. మనసులో మాట చెప్పగలరా, ముందుముందు ఏం కావాలనుకుంటున్నారు, కష్టమొస్తే సాయం అడగగలరా, ఇలాంటివి. ఒక్కొక్కరితో మాట్లాడి, రాయించి, వచ్చినవాటికి టిక్కు పెడతాను. రానివి నేర్పడమే నా పని.

పింకీ మళ్లీ బడికి వచ్చిందా అనీ అడిగావు. వచ్చింది. ఎందుకు మానిందో మాత్రం నీకు చెప్పలేదు. ఫోనులో చెప్పబోయి రెండుసార్లు మాట మార్చాను. నా వల్లే మానిందమ్మా. ఇది అన్నే చదివి వినిపిస్తాడని తెలుసు. పరవాలేదు, నా తప్పు నేనే రాసుకుంటున్నాను.

పింకీది కనకమామిడి అనే ఊరు, ఎనిమిదో తరగతి. నేనిచ్చిన పత్రంలో 'కష్టమొస్తే ఎవరికి చెప్తావు?' అన్నచోట 'దీవెన టీచర్‌కు' అని రాసింది. కిందనే, చిన్నాయన బడి మాన్పించి ఫామ్‌హౌస్ పనికి పంపుతానంటున్నాడనీ, తనకు చదువుకోవాలనుందనీ రాసింది. సాయం అడగడం వచ్చిందని సంబరంగా టిక్కు పెట్టాను. మా బడిలో ఏ కాగితమైనా ఇంట్లో సంతకం పెట్టించుకు రావాలి. ఆ అలవాటున పరీక్ష పేపర్లతో పాటు దాన్నీ పంపేశాను.

వాళ్లమ్మ అరుణమ్మకు చదువు రాదు. ఆ కాగితం చిన్నాయన భూపాల్ చదివాడు. "ఇంటి ముచ్చట బడిల రాస్తవా?" అని మర్నాటి నుంచే మాన్పించాడు. నువ్వు వేలిముద్ర వేసే ముందు నా ప్రోగ్రెస్ కార్డు కూడా పెద్దనాన్నే చదివేవాడు కదమ్మా. అందరికంటే నాకు గుర్తుండాల్సింది. ఎలా మరిచానో!

హెడ్మాస్టరుకు చెప్పి వాళ్లింటికి వెళ్లాను. తప్పు నాదని అందరి ముందూ పింకీతో అన్నాను. భూపాల్ ముఖం తిప్పుకున్నాడు. అరుణమ్మే లేచి, "ఏలుముద్ర నాది. అండ్ల ఏమున్నదో నాకెవ్వలు జెప్పలే. పిల్ల రేపటి సంది బడికొస్తది టీచరమ్మా" అంది.

నిన్న పింకీకి కొత్త పత్రం ఇచ్చాను. "ఇది ఇంటికి పోదు, నా బీరువాలనే ఉంటది" అని చెప్పాను. అన్నీ చక్కగా నింపింది. కష్టమొస్తే ఎవరికి చెప్తావన్నచోట మాత్రం ఖాళీగా వదిలేసింది.

"ఇది రాయవా?" అన్నాను.

"యాదికొస్తలేదు మేడం" అంది, నేల చూస్తూ.

నేనక్కడ టిక్కు పెట్టలేదు. చాలా బాధగా ఉందమ్మా. ప్రార్థనలో ముందు ఆ పిల్ల పేరు చెప్పు. నా పేరు తర్వాత.

ఇట్లు,
నీ వేలిముద్రతో చదువుకున్న బిడ్డ,
దీవెన