మిందియా ఇంటర్వ్యూలో ఎవరిని పొగిడాడంటే
టిబిలిసి, గురువారం

ఎతెరీ, ఇక్కడ మేం కులాసా.

విశ్వవిద్యాలయంలో ఖాళీ లేదన్నారు కనుక, డాక్టరేటు పుచ్చుకున్న నీ కొడుకును వైన్ కంపెనీ ఇంటర్వ్యూకు నేనే తోలాను. "మీ గురించి చెప్పండి" అన్నారట. వీడు మన విందుల్లో గ్లాసెత్తి అందరినీ పేరుపేరునా పొగిడే పెద్దమనిషిలా లేచి నిలబడి, మేనేజరునూ, ఆయన్ని కన్నతల్లినీ, కాలంచేసిన తాతలనూ పొగిడి వచ్చాడు.

"మరి నీ సంగతేం చెప్పావురా?"

"నన్ను నేనే పొగుడుకుంటే అసహ్యంగా ఉండదూ? నువ్వేగా నేర్పావు, అమ్మమ్మా!"

"ప్రశ్న చదివి జవాబు రాయమనీ నేర్పాను కదరా, మొద్దూ!"

తీరా ఉద్యోగం ఇచ్చారు. తల్లి మాట రాగానే మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడట. విదేశీ బేరగాళ్ళకిచ్చే విందుల్లో కంపెనీ తరఫున వీడే మాట్లాడాలి.

సోమవారం చేరాలి, అల్లుడి నల్లకోటు ఇస్త్రీ చేసి పంపు. వాల్‌నట్లు ఎండబెట్టావా? ప్రొఫెసరు ఎప్పుడవుతాడని పక్కింటి లామారా అడిగితే, ముందు ఒక జీతం అందుకోనివ్వమను.

అందరికీ ఆశీస్సులు.
అమ్మ