మిద్దె మీద తడిగోనె

ఆదోని, మంగళవారం రాత్రి.

ఒళ్లు హూనమైంది. అయినా ఇది రాసే పడుకుంటాను.

మిల్లులో రాత్రి డ్యూటీ చేసి వచ్చే మా ఆయన పగలు నిద్రపోవాలనే ఏసీ పెట్టించుకున్నాం. వారం రోజులుగా దాంట్లోంచి ఉత్త గాలే వస్తోంది. ఫిల్టరు కడిగాను, రిమోట్‌లో పద్దెనిమిదికి దించాను, ఏం లాభం లేదు. నిద్ర లేని కళ్లతో మిషన్ దగ్గర ఆయన చెయ్యి ఎక్కడ పెడతాడోనని నాకూ నిద్ర లేదు.

చివరికి ఈరోజు ఎమ్మిగనూరు నుంచి మెకానిక్ వచ్చాడు. మిద్దె ఎక్కి చూస్తే, ఏసీ బయటి పెట్టెకు చుట్టూ తడిగోనె కప్పి, తాడుతో కట్టేసి ఉంది. మా అత్త పని.

"ఎండలో అది కాలిపోతాంటే సూడలేకపోయినానప్పా. కడవకు కప్పితే నీళ్లు సల్లగ అయితాయి గదా," అంది.

మెకానిక్ నవ్వలేదు. "లోపలి వేడంతా ఈడనుంచే బయటికి పోవాలవ్వా. దీనికి గాలాడాల," అని గోనె విప్పేశాడు.

కాసేపటికే గది చల్లబడింది. ఆయన సాయంత్రం దాకా కదలకుండా పడుకున్నాడు. ఆ మోకాళ్లతో, ఆ ఎండలో, రోజూ నీళ్ల బిందె పట్టుకుని మిద్దె మెట్లెక్కిందా ఈమె?

ఆయన డ్యూటీకి పోయాక, "అత్తా, గదిలో పడుకుందువు రా," అని పిలిచాను. అప్పటికే వరండాలో అదే గోనె తడిపి పరుచుకుని పడుకుంది.

"నాకొద్దులేమ్మా," అంది. "నాకూ గాలాడాల."